మాఘపు చలిలో బెంగళూరు నడక: పిట్టలను, పురుగులను కలిపి చూసే పద్ధతి

పంచాంగం ప్రకారం వసంత రుతువు ఉగాదితో మొదలవుతుంది. అయితే సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో చెట్లు అంతకాలం ఆగవు. మాఘ మాసం వచ్చేసరికి ఎర్ర బూరుగు ఆకులన్నీ రాల్చి పూలతో నిలబడుతుంది, ఊరి శివార్లలో మోదుగు పూస్తుంది, వీధుల్లో టబెబుయా చెట్లు పసుపు, గులాబి రంగుల్లోకి మారతాయి. ఉత్తరాది నుంచి శీతకాలానికి వచ్చిన వలస పిట్టలు ఇంకా తిరుగు ప్రయాణం కట్టవు, ఇక్కడే కాపురముండే పిట్టలు గూళ్ల పనిలో పడతాయి, సీతాకోకచిలుకలు ఎండ కోసం రెక్కలు చాచుకుని కూర్చుంటాయి. జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం వరకు ఉండే ఈ కొద్దిపాటి వ్యవధి, పిట్టలను చూడడం కొత్తగా నేర్చుకునేవారికి ఏడాదిలో అన్నిటికంటే అనువైన కాలమని నా అభిప్రాయం.

పిట్టలను చూడాలంటే తెల్లవారకముందే వెళ్లి ఎండ ఎక్కకముందే తిరిగి రావాలని సాధారణంగా చెబుతారు. వేసవిలో అది సరైన మాటే. చలికాలపు చివరి రోజుల్లో మాత్రం ఆ సలహా పాటిస్తే సగం దృశ్యం చేజారుతుంది, ఎందుకంటే చాలా పురుగులకు తమ ఒంటి వేడి తమ చేతిలో ఉండదు. ఎండ తగిలి కండరాలు వెచ్చబడేవరకు అవి ఎగరలేవు, అవి ఎగిరేవరకు వాటిని తిని బతికే పిట్టలు కూడా అసలైన వేట మొదలుపెట్టవు. కాబట్టి ఈ కాలంలో నడకను ఎండ వెంట నడిపించాలి. ఎండ మొదట ఎక్కడ పడుతుందో, అక్కడ ఏ పువ్వు ఉందో, ఆ పువ్వు దగ్గరికి ఏ పురుగు వచ్చిందో, ఆ పురుగు కోసం ఏ పిట్ట కాచుకుని ఉందో ఈ వరుసలో చూడడం అలవాటైతే, పేర్లు తెలియకపోయినా నడక వృథా కాదు.

చోటును, రోజును ఎంచుకోవడం

మొదటిసారి వెళ్లేవారికి లాల్‌బాగ్‌కు మించిన చోటు లేదు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఈ తోట ఇప్పుడు దాదాపు 240 ఎకరాల్లో ఉంది. పెద్ద చెట్లు, వెదురు పొదలు, చెరువు, పూలమడులు, సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి, నైస్ అనే రకం రాతి గుట్ట అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉన్నందువల్ల, ఒక్క ఉదయంలో నాలుగు రకాల ఆవాసాలను చూడవచ్చు. ఆకుపచ్చ మెట్రో మార్గంలో దానికి ప్రత్యేకంగా ఒక స్టేషన్ కూడా ఉంది. గణతంత్ర దినోత్సవం సందర్భంగా జరిగే పుష్ప ప్రదర్శన రోజుల్లో మాత్రం అటువైపు వెళ్లకపోవడం మంచిది, ఎందుకంటే ఆ రోజుల్లో మనుషులు తప్ప మరేమీ కనిపించరు. ఊదా మార్గంలో ఉన్నవారికి కబ్బన్ పార్కు దగ్గర. నీటిపిట్టలు ముఖ్యమనుకునేవారు హెబ్బాళ, జక్కూరు, మడివాళ, కైకొండ్రహళ్లి చెరువుల్లో ఇంటికి దగ్గరగా ఉన్నదానికి వెళ్లవచ్చు. గడ్డిమైదానాల మీద తక్కువ ఎత్తులో ఎగిరే హ్యారియర్ డేగలను చూడాలంటే హెసరఘట్ట వెళ్లాలి. బన్నేరుఘట్ట అడవి అంచున ఏనుగులు తిరుగుతాయి కాబట్టి, అనుమతి లేకుండా, తోవ తెలిసినవారు వెంట లేకుండా అటు అడుగుపెట్టకూడదు.

ఏ చోటైనా సరే, దాన్ని మార్చకుండా వారానికి ఒకసారైనా అక్కడికే వెళ్లండి. ఒకే చెట్టును మొగ్గ తొడిగిన నాటి నుంచి కాయ పగిలే నాటి వరకు చూసినవారికి తెలిసేంత, వారానికో కొత్త చెరువు తిరిగినవారికి తెలియదు.

పొగమంచు పట్టిన రోజును చూసి నిరుత్సాహపడనక్కరలేదు, అలాంటి రోజున పిట్టల రాకపోకలు ఒక గంట ఆలస్యమవుతాయి, అంతే. రోజంతా మబ్బు కమ్మి ఉండే రోజున మాత్రం పురుగుల కోసం వెళ్లి లాభం లేదు.

వెంట ఉండవలసినవి

బైనాక్యులర్ ఒక్కటే నిజంగా డబ్బు పెట్టవలసిన వస్తువు. దాని మీద రాసి ఉండే 8×42 వంటి అంకెల్లో మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో చెబుతుంది, రెండోది ముందువైపు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. రెండో అంకెను మొదటి దానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వ్యాసం వస్తుంది. 8×42కు అది 5 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి సూర్యోదయపు మసక వెలుగులో కూడా చక్కగా కనిపిస్తుంది. పన్నెండు రెట్లు, ఇరవై రెట్లు చూపిస్తామనే చవక బైనాక్యులర్ల జోలికి వెళ్లకండి. రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, చూపు పరిధి కుంచించుకుపోతుంది. సీతాకోకచిలుకలను కూడా చూడదలచినవారు, రెండు మీటర్ల దగ్గరి వస్తువును స్పష్టంగా చూపగలదో లేదో దుకాణంలోనే పరీక్షించి తీసుకోవాలి. కళ్లజోడు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పుకుని, అప్పుడు పూర్తి వలయం కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.

కొన్న తరువాత చాలామంది చేయని పని ఒకటుంది. కుడి కన్ను మూసి, దూరాన ఉన్న ఒక బోర్డును ఎడమ కంటితో చూస్తూ మధ్యలోని చక్రం తిప్పి అక్షరాలు స్పష్టమయ్యేలా చేయండి. తరువాత ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గర ఉండే వలయాన్ని మాత్రమే తిప్పి అదే బోర్డును స్పష్టం చేసుకోండి. రెండు కళ్ల చూపులో ఉండే తేడా దీనితో సరిపోతుంది, ఆపైన ఎప్పుడూ మధ్య చక్రం ఒక్కటి తిప్పితే చాలు. ఇది చేయనివారు అరగంటలో తలనొప్పి వచ్చి, తప్పు వస్తువుదని అనుకుంటారు. పిట్ట కనిపించినప్పుడు దాని మీది నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. ముందు బైనాక్యులర్ పెట్టుకుని తరువాత కొమ్మల్లో వెతికితే ఆకులే కనిపిస్తాయి. సూర్యుడి వైపు దాన్ని ఎప్పుడూ తిప్పకూడదు, కంటిచూపు పోతుంది.

దుస్తులు మట్టి రంగులోనో ముదురు ఆకుపచ్చలోనో ఉంటే మంచిది. చలికి మంకీ క్యాప్ పెట్టుకోవాలనిపించడం సహజమే కానీ, చెవులు మూసుకుని వెళ్లేవారికి మొదటి గంటలో సగం పిట్టలు తెలియకుండానే పోతాయి, కాబట్టి చెవులను వదిలిపెట్టే టోపీ పెట్టుకోండి. గడ్డి మంచుకు తడుస్తుంది కనుక బూట్లు అవసరం. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, నీళ్లు, తొమ్మిదింటిదాకా ఆకలి ఆపే పండో బిస్కెట్లో ఉంటే చాలు. ఆ చివరిది తేలిక విషయం కాదు. ఏడున్నరకే టిఫిను గుర్తుకొచ్చి గేటు వైపు నడిచేవారు, సరిగ్గా పురుగులు లేచే సమయానికి తోట విడిచి వెళ్తున్నారు.

సూర్యోదయానికి ముందు: చెవులతో మొదలుపెట్టండి

ఈ కాలంలో బెంగళూరులో సూర్యుడు జనవరి చివర సుమారు 6:45కి, ఫిబ్రవరి చివర 6:35 ప్రాంతంలో ఉదయిస్తాడు. దానికి అరగంట ముందు లోపల ఉండి, ఒక చోట కూర్చోండి. నలుపు తెలుపుల పెద్ద నల్లంచి, అంటే మ్యాగ్‌పై రాబిన్, అందరికంటే ముందు లేచి పాడుతుంది. ఫిబ్రవరి గడిచేకొద్దీ దాని పాట పొడవు, వైవిధ్యం పెరగడం గమనించవచ్చు. తరువాత కోయిల గొంతు సవరించుకుంటుంది. చెంపల మీద తెల్లని మచ్చ ఉండే ఆకుపచ్చ బార్బెట్ కుట్రూ కుట్రూ అని ఎడతెగకుండా మొదలుపెడితే మిగతావేవీ వినిపించవు. ఇది పడమటి కనుమల పిట్టే అయినా బెంగళూరు తోటల్లో బాగా స్థిరపడింది, కనిపించడం కంటే వినిపించడమే ఎక్కువ.

ఆకుల గుబురు లోపలి నుంచి రెండు ముక్కలుగా చివీ అన్నట్టు సన్నగా, చురుగ్గా వినిపించే పిలుపును ప్రత్యేకంగా నేర్చుకోండి. అది గ్రీనిష్ వార్బ్లర్ అనే బొటనవేలంత పిట్టది. ఆసియా ఉత్తర ప్రాంతాల్లో గూడు కట్టుకుని, శీతకాలాన్ని మన చెట్ల మీద పురుగులు ఏరుకుంటూ గడుపుతుంది. ఈ గొంతు ఒక్కటి గుర్తుపడితే, మీ అపార్ట్‌మెంటు వేపచెట్టు మీద కూడా ఒక వలస పిట్ట శీతకాలమంతా ఉందని అర్థమవుతుంది. గొంతులను గుర్తించే మెర్లిన్ వంటి యాప్ ఫోనులో ఉంటే మంచిదే. కానీ అది చూపిన పేరును కళ్లతో నిర్ధారించుకున్న తరువాతే రాసుకోవాలి.

మొదటి ఎండ: చెట్ల కొసలు

సూర్యుడు వచ్చాక నేల ఇంకా చల్లగా ఉండగానే చెట్ల కొసలకు ఎండ అందుతుంది. సూర్యుడికి వీపు పెట్టి, తూర్పు వైపు తెరుచుకుని ఉన్న ఎత్తైన మోడు కొమ్మలను వరుసగా చూడండి. నుదుటి మీద ఎర్రటి మచ్చ, పసుపు గొంతు ఉన్న కంసాలి పిట్ట అక్కడ కదలకుండా ఎండ కాచుకుంటూ కనిపిస్తుంది. టుక్ టుక్ మనే దాని సుత్తి దెబ్బలు ఒళ్లు వెచ్చబడ్డాకే ఊపందుకుంటాయి. ఇటుక రంగు రెక్కల జెముడుకాకి పొద మీదికి ఎక్కి, రెక్కలు విప్పి ఎండలో ఆరవేసుకుంటుంది. చెట్టు తొర్రల దగ్గర రామచిలుకలు తగువులాడుకోవడం ఈ నెలల్లో మామూలే, ఎందుకంటే వాటికి ఇది గుడ్లు పెట్టే కాలం, తొర్రలేమో తక్కువ. అదే తొర్ర అంచున పగటి వెలుగులో కళ్లు చిట్లించుకుంటూ పైడికంటె అనే చిన్న గుడ్లగూబ కూర్చుని ఉండవచ్చు.

గద్దలు ఈ సమయంలో గాలిలో కనిపించకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. నేల వేడెక్కి వెచ్చటి గాలి పైకి లేచేవరకు అవి రెక్కలు కొట్టి అలసిపోవడానికి ఇష్టపడవు. లాల్‌బాగ్ గుట్ట మీద నిలబడితే అవి ఒకటొకటిగా చుట్లు తిరుగుతూ పైకి లేవడం స్పష్టంగా చూడవచ్చు. తోక చివర చీలి ఉంటే నల్ల గద్ద, తోక గుండ్రంగా ఉండి, ఒళ్లు ఇటుక రంగులో, తల తెల్లగా ఉంటే గరుడ పక్షి.

ఎండ నేలకు దిగే వేళ: ఒక పూలచెట్టు కింద ఆగండి

ఎనిమిది దాటాక నడక ఆపేయండి. ఈ గంటలో ఎక్కువ తిరిగినవారు తక్కువ చూస్తారు. పూసిన బూరుగు, మోదుగు, బాడిత చెట్లలో ఏదో ఒకటి ఎంచుకుని, ఎండకు వీపు పెట్టి, కనీసం ఇరవై నిమిషాలు దాని ముందు నిలబడండి.

బూరుగు పువ్వుల్లో మకరందం దండిగా ఉంటుంది. గోరింకలు, పిగిలిపిట్టలు, కాకులు, ఉడుతలు వరుసగా వస్తాయి. పురుగులు తినే ఏట్రింత కూడా పువ్వులో తల దూర్చడం చూడవచ్చు. అదృష్టముంటే గులాబి రంగు ఒళ్లు, నల్లటి తల ఉన్న వలస గోరింకల గుంపు ఒక్కసారిగా వాలి చెట్టంతా గోల చేస్తుంది. తేనెపిట్టల్లో మూడు రకాలను ఇక్కడ పోల్చుకోవచ్చు. కడుపు పసుపుగా, వీపు ముదురు ఎరుపుగా ఉంటే ఊదా నడుము తేనెపిట్ట మగది. ఒళ్లంతా నీలి నలుపుగా మెరిస్తే ఊదా తేనెపిట్ట. దానిలాగే ఉండి, ముక్కు మరీ పొడుగ్గా, కొడవలిలా వంగి ఉంటే లోటెన్ తేనెపిట్ట. ఆడవాటిని మొదటి ఏడాది వదిలేయండి, వాటి దగ్గర పట్టుబట్టినవారు విసిగిపోయి మొత్తానికే మానేస్తారు.

ఈ వేళ చూడవలసిన అసలు దృశ్యం పువ్వుకు పక్కన ఉన్న తీగ మీదనో ఎండు కొమ్మ మీదనో ఉంటుంది. ఆకుపచ్చ ఒళ్లు, వంపు తిరిగిన ముక్కు, తోక మధ్య నుంచి సన్నగా సాగిన రెండు ఈకలు ఉన్న చిన్న పసిరిక పిట్టలు చలి ఉదయాల్లో ఒకదానికొకటి ఆనుకుని వరుసగా కూర్చుని ఆలస్యంగా పని మొదలుపెడతాయి. వాటి తిండి ఎగిరే తేనెటీగలు, తూనీగలు, కందిరీగలు. మొదటి పసిరిక పిట్ట కొమ్మ వదిలి, గాలిలో చుట్టు తిరిగి, అదే కొమ్మకు ముక్కున పురుగుతో తిరిగి వచ్చిందంటే, పురుగులు లేచినట్టే. పట్టిన తేనెటీగను అది కొమ్మకేసి కొట్టి, రుద్ది, కొండిని, విషాన్ని వదిలించుకున్నాకే మింగుతుంది. బైనాక్యులర్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటినుంచి మీ చూపును పైనుంచి నడుము ఎత్తుకు దించండి.

పొదలు, ఆకుల అడుగులు, నేల

సీతాకోకచిలుక ఎగరాలంటే చాలా జాతుల్లో ఛాతీ కండరాల వేడి 30 డిగ్రీల దరిదాపులకు చేరాలి. తెల్లవారుజామున గాలి 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ తేడాను అది ఎండతోనే పూడ్చుకోవాలి. ఎలా పూడ్చుకుంటుందో చూస్తే జాతి గుర్తించడానికి సగం సాయం దొరుకుతుంది. ప్యాన్సీ జాతులు నేల మీదనో రాతి మీదనో రెక్కలు పూర్తిగా పరుచుకుని కూర్చుంటాయి. చిన్న పసుపు సీతాకోకచిలుకలు రెక్కలు మూసి, ఆ మూసిన రెక్కల పక్కభాగం ఎండకు అభిముఖంగా ఉండేలా ఒరుగుతాయి. చలిగా ఉన్నంతసేపు ఇవి ఎగిరిపోవు కనుక, ఫోను కెమెరాతోనే దగ్గరి ఫొటోలు తీయడానికి ఇదే అదను. మీ నీడ వాటి మీద పడకుండా పక్కనుంచి, వంగి, నెమ్మదిగా జరగండి. నీడ పడిందంటే అవి కదిలిపోతాయి.

గండుతుమ్మెదలు ఎండ కోసం పూర్తిగా ఆగవు, ఛాతీ కండరాలను వణికించి తమంతట తామే వేడి పుట్టించుకోగలవు. వాటిని చూడడానికి జిల్లేడు పొద మంచి చోటు, జిల్లేడు పూలకు పరాగసంపర్కం చేసేవాటిలో అవే ముఖ్యమైనవి. అసలు ఒక్క జిల్లేడు మొక్క దగ్గరే అరగంట గడపవచ్చు. లేత కొమ్మలకు పసుపుపచ్చని పేనుబంక పట్టి ఉంటుంది, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి, పేనుబంక విసర్జించే తీపి ద్రవం కోసం చీమలు వచ్చి ఆ అక్షింతల పురుగులను తరుముతాయి, ఆకు అడుగున నలుపు, పసుపు, తెలుపు చారలతో ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు ఆకును కొరుకుతూ ఉంటుంది. రథసప్తమికి జిల్లేడాకులు కోసేవారు అడుగుభాగం ఒకసారి చూసి కోస్తే ఆ పురుగులు బతుకుతాయి. నారింజ రంగు ప్లెయిన్ టైగర్‌ను పోలిన మరో సీతాకోకచిలుక కూడా ఉంది, అది డనెయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. జిల్లేడు తిని పెరిగి చేదెక్కిన ప్లెయిన్ టైగర్‌ను పిట్టలు వదిలేస్తాయి కనుక, దాని వేషం వేసి బతుకుతుంది. వెనుక రెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలు ఉంటే అది ప్లెయిన్ టైగర్. మూడుంటే ఆడది, నాలుగుంటే మగది.

వెదురు పొదల కింద ఎండుటాకుల్లో ఒక ఆకు ఎగిరి పక్కన వాలితే అది ఈవెనింగ్ బ్రౌన్ అనే సీతాకోకచిలుక అయి ఉంటుంది. వానాకాలంలో పుట్టిన వాటి రెక్కల అడుగున కంటిగుర్తులు ఉంటాయి, వానలు లేని పొడి కాలపు తరం వాటిలో అవి దాదాపు మాయమై ఎండుటాకు రంగే మిగులుతుంది. గడ్డి మీద మంచు ఆరకముందే వంగి చూస్తే, గరాటులా లోపలికి దిగే సాలెపురుగుల తెరలు నీటిచుక్కలతో తెల్లగా బయటపడతాయి. తొమ్మిదింటికల్లా అవి ఉన్నచోటే కనిపించకుండా పోతాయి. మామిడి వంటి చెట్ల మీద ఆకులను కలిపి గూడు కట్టే ఎర్రచీమలను చూడండి. ఆకులను అతికించే పట్టుదారాన్ని ఇచ్చేది వాటి పిల్లపురుగులు. పెద్ద చీమలు వాటిని నోట కరుచుకుని ఆకుల అంచుల వెంబడి తిప్పుతాయి. ఆ చీమల మధ్య ఒకటి ముందరి కాళ్లు మీసాల్లా ఎత్తి నడుస్తుంటే కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే అది చీమ వేషంలోని సాలెపురుగు.

బయటికి రాలేనివారు బాల్కనీలోని కరివేపాకు మొక్కతో మొదలుపెట్టవచ్చు. పిట్టరెట్టలా నలుపు తెలుపుగా కనిపించే పురుగు కామన్ మార్మన్ లేదా నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. కాస్త ఎదిగాక ఆ పురుగు ఆకుపచ్చగా మారుతుంది.

చెరువు గట్టు

చెరువును చివరికి ఉంచుకున్నా నష్టం లేదు, నీటిపిట్టలు పొద్దెక్కినా ఉంటాయి. లాల్‌బాగ్ చెరువులో గూడబాతులు (పెలికాన్లు), రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, గట్టున తోక ఊపుతూ పరుగెత్తే కాటుకపిట్టలు తేలిగ్గా కనిపిస్తాయి. ఇదే కాలంలో గూడబాతులు నెల్లూరు వైపు నేలపట్టులో గూళ్ల మీద ఉంటాయి, హిందూపురం దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీదికి చేరుతుంటాయి. సొంతూరికి వెళ్లే దారిలో ఒక పూట ఆగదగ్గ చోట్లు ఇవి.

చేయకూడనివి

పిట్టను రప్పించడానికి ఫోనులో దాని గొంతు వినిపించకండి. గూళ్ల కాలంలో అది శత్రువు వచ్చిందని గుడ్లు వదిలి తగువుకు వస్తుంది. గూడు కనిపిస్తే ఫొటో కోసం ఆకులు తొలగించకండి, తొలగిస్తే కాకికి దారి చూపినట్టే. రాయి ఎత్తి చూస్తే యథాస్థానంలో పెట్టండి, నూగు ఉన్న గొంగళిపురుగును చేత్తో తాకకండి. పెద్ద చెట్ల కొమ్మలకు, భవనాల అంచులకు వేలాడే కొండ తేనెటీగల పట్టుల కింద నిలబడకండి, అత్తరు పూసుకుని వెళ్లకండి. పట్టు ఉపరితలం మీద అలలు పాకినట్టు కదలిక కనిపిస్తే అవి హెచ్చరిస్తున్నాయని అర్థం, వెంటనే నిశ్శబ్దంగా వెనక్కి జరగాలి. అవి మీదపడితే చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని, నేరుగా తలుపులున్న గది వైపో కారు వైపో పరుగెత్తాలి.

రాసుకోవడం

పేరు కంటే ముందు పరిమాణం రాయండి. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా అన్న మూడు కొలతలు చాలు. తరువాత ముక్కు ఆకారం, అది ఏం చేస్తోంది, చెట్టు మీద ఎంత ఎత్తున ఉంది, ఆపైన రంగులు. వెలుగును బట్టి రంగు మోసం చేస్తుంది, నడవడి మోసం చేయదు. ఇంటికి వచ్చాక పిట్టల జాబితాను మొదలైన సమయం, నడిచిన దూరంతో సహా ఈబర్డ్ వెబ్‌సైటులోనూ, పురుగుల ఫొటోలను ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులోనూ పెడితే, తెలిసినవారు పేర్లు సరిచేస్తారు. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు జరిగే ప్రపంచ పెరటి పిట్టల గణనలో పావుగంట లెక్క కూడా పనికివస్తుంది. మన దేశం 2013 నుంచి ఇందులో పాల్గొంటోంది.

మార్చి నుంచి ప్రతి వలస పిట్టకు చివరిసారి కనిపించిన తేదీ వేరుగా రాసుకోండి. వచ్చిన తేదీ అందరూ గమనిస్తారు, వెళ్లిన తేదీ గమనించేవారు తక్కువ, అందుకే ఆ వివరానికే విలువ ఎక్కువ. ఎండలు ముదిరేకొద్దీ పురుగులు త్వరగా లేస్తాయి కనుక, పైన చెప్పిన వేళలన్నిటినీ దాదాపు అరగంట ముందుకు జరుపుకోవాలి. వానలకు ముందు నెలల్లో పడమటి కనుమల నుంచి తూర్పుగా సాగే ముదురు నీలి టైగర్ సీతాకోకచిలుకలు ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు, ఒక చోట నిలబడి ఐదు నిమిషాల్లో ఎన్ని, ఏ దిక్కుకు దాటాయో లెక్కపెట్టి అదే పుస్తకంలో చేర్చండి.